3/2/12: ఒక పుట్టిన తేదీ వెనక పదిహేడు రోజులు

మొదటే చెప్పేస్తున్నాను, ఇందులో ఎవరి పేర్లూ ఉండవు, మా ఊరి పేరు కూడా ఉండదు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. న్యూజెర్సీలో ఎడిసన్‌కీ పెర్త్ అంబాయ్‌కీ మధ్య ఎక్కడో అనుకోండి. ఎడిసన్ నిండా మనవాళ్ళే, చెప్పక్కర్లేదు. పెర్త్ అంబాయ్ వైపు డొమినికన్ కుటుంబాలు బోలెడు. మా చిన్నోడు ఆడే లిటిల్ లీగ్, అంటే పిల్లల బేస్‌బాల్, టీములో ఇటు పిల్లలూ అటు పిల్లలూ ఉంటారు.

బేస్‌బాల్ గురించి నాకు నాలుగేళ్ళ క్రితం దాకా ఓనమాలు తెలీవు. ఇప్పటికీ ఎవరైనా ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూలు గురించి అడిగితే నవ్వి ఊరుకుంటాను. కాగితాల పని మాత్రం బాగా తెలుసు. భర్త వీసాతో పాటు ఇచ్చే హెచ్4 వీసా మీద వచ్చి పదిహేనేళ్ళుగా కాగితాలతోనే కాపురం చేస్తున్నదాన్ని. కోచ్‌కి ఆ సంగతి ఎలా తెలిసిందో, 2024 జూన్ 2 ఆదివారం ఆల్‌స్టార్ టీము, అంటే టోర్నమెంటుకి ఎంపిక చేసిన పిల్లల టీము, ప్రకటించిన సాయంత్రమే ఒక నల్ల ఫైలు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "మీకైతే ఇది చాలా ఈజీ" అన్నాడు.

ఆ ఫైలు సంగతి కొంచెం చెప్పాలి. మీ పిల్లలు ఎంపికైతే మీకూ ఈ పని పడొచ్చు. సీజన్ అంతా ఎవరూ పట్టించుకోని కాగితాలన్నీ టోర్నమెంటు అనేసరికి కావాలి. ఒక్కో పిల్లాడికీ ఒరిజినల్ బర్త్ సర్టిఫికెట్, అడ్రసుకి మూడు రుజువులు లేదా ప్రిన్సిపల్ సంతకం పెట్టిన స్కూల్ ఎన్‌రోల్‌మెంట్ ఫారం, దెబ్బ తగిలితే వైద్యం చేయించొచ్చని తల్లిదండ్రులిచ్చే మెడికల్ రిలీజ్. లీగ్ సరిహద్దుల మ్యాపు మీద ఒక్కో ఇంటికీ ఒక చుక్క. అన్నీ చూసి డిస్ట్రిక్ట్ అడ్మినిస్ట్రేటర్ సంతకం పెడితేనే ఆట. వయసుకి లెక్క ఆగస్టు 31. ఆ రోజుకి పదమూడు నిండకూడదు. అంటే మా పిల్లలంతా 2011 సెప్టెంబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. వీసా, గ్రీన్ కార్డు ఎవరూ అడగరు. వాళ్ళకి కావలసింది ఎప్పుడు పుట్టాడు, ఎక్కడుంటున్నాడు, అంతే.

మావాడు ఇక్కడే పుట్టాడు. డ్రాయర్లోంచి ఉబ్బెత్తు సీలున్న కాగితం తీసి కవర్లో పెట్టడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. పదమూడు మందిలో పన్నెండు మందివి రెండు రోజుల్లో వచ్చేశాయి. మిగిలినవాడి కథే ఇదంతా.

వాడు మా పిచ్చర్, అంటే బ్యాటర్‌కి బంతి వేసేవాడు. పొడుగు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. పై పెదవి మీద నూగు మీసం. 46 అడుగుల దూరం నుంచి వాడు బంతి వేస్తుంటే బ్యాటర్ వెనక కూర్చుని పట్టే క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడు పార్కింగ్ లాట్ దాకా వినిపిస్తుంది. సొంతూరు డొమినికన్ రిపబ్లిక్‌లో సాన్ పేద్రో దె మకొరీస్. చక్కెర మిల్లుల ఊరు. మనవాళ్ళకి నచ్చే ముక్క ఒకటుంది: ఒకప్పుడు ఇంగ్లీషు దీవుల నుంచి ఆ మిల్లుల్లో పనికొచ్చిన కూలీలు అక్కడ క్రికెట్ ఆడేవాళ్ళు. వాళ్ళ పిల్లలు బేస్‌బాల్‌కి మారారు. ఆ ఒక్క ఊరి నుంచి ఎంతమంది పెద్ద లీగ్, అంటే అమెరికా మేజర్ లీగ్, ఆటగాళ్ళు వచ్చారో లెక్కలేదు.

జూన్ 4న వాళ్ళింటికి వెళ్ళాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వాళ్ళమ్మ రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్రపోకుండా నా కోసం కూర్చుంది. చూస్తే ముప్పై కూడా దాటినట్టు లేదు. వెళ్ళగానే గ్లాసులో నారింజ రసం, పాలు, పంచదార, ఐసు కలిపి ఇచ్చింది. పులుపులో పాలు విరగవా అని నా భయం. విరగలేదు, చాలా బాగుంది. పేరు మోరిర్ సోన్యాందో. కలగంటూ చచ్చిపోవడం అని అర్థమట. తర్వాత బీరువా మీంచి బిస్కెట్ల డబ్బా దించింది. మన అమ్మమ్మలు సూదీ దారం పెట్టుకునే రకం గుండ్రటి రేకు డబ్బా. కాగితాలన్నీ అందులోనే.

ఆక్తా, అంటే బర్త్ సర్టిఫికెట్, పక్కాగా ఉంది. సీలు, సంతకం, విదేశాల్లో చెల్లేలా వేసే అపోస్టిల్ ముద్ర అన్నీ ఉన్నాయి. పుట్టిన తేదీ అక్షరాల్లో, ఫిబ్రవరి మూడు, రెండు వేల పన్నెండు. నమోదు చేసిన ఏడాది మాత్రం 2016. దానికి వాళ్ళ మాట 'దెక్లరాసియోన్ తార్దీయా', ఆలస్యపు నమోదు. వీడు పుట్టినప్పుడు తల్లికి పదహారేళ్ళు. చేతిలో సెదులా లేదు. సెదులా అంటే వాళ్ళ గుర్తింపు కార్డు. అది లేని తల్లి పేరు మీద బిడ్డని నమోదు చేయించడం అక్కడ పెద్ద తంటా. వీణ్ణి బళ్ళో వేసేటప్పుడు తప్పక చేయించింది.

అది చూసి నేను అక్కడే ఆగాల్సింది. ఆగలేదు. ఎందుకంటే నాదీ అదే బాపతు. గుంటూరు జిల్లాలో పల్లెటూళ్ళో ఇంట్లో పుట్టాను. నా బర్త్ సర్టిఫికెట్ 2011లో ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరిగి చేయించింది. 2020 అక్టోబరులో గ్రీన్ కార్డు క్యూలో డేట్లు ఒక్కసారిగా ముందుకు జరిగినప్పుడు అందరిలాగే మేమూ ఐ-485, అంటే గ్రీన్ కార్డు దరఖాస్తు, వేశాం. మరుసటేడు నాకు ఆర్ఎఫ్ఈ, అంటే ఇంకా రుజువులు అడిగే లెటర్, వచ్చింది. మీ పుట్టుక ఆలస్యంగా నమోదైంది, వేరే రుజువులు పంపండి అని. టెన్త్ సర్టిఫికెట్, నాన్నా పెదనాన్నా ఇచ్చిన అఫిడవిట్లు పంపితే సరిపోయింది. ఇమిగ్రేషన్ వాళ్ళే ఒప్పుకున్నారు, పిల్లల ఆటకి ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. రూలు బుక్కులో ఒక లైను చదవకుండా వదిలేశాను. ఆ తప్పు పూర్తిగా నాదే.

జూన్ 11 మంగళవారం సాయంత్రం, గ్రౌండు పక్కన స్నాక్ స్టాండులో వెరిఫికేషన్. డిస్ట్రిక్ట్ అడ్మినిస్ట్రేటర్ పెద్దాయన, జీతం లేని పని, మర్యాదస్తుడు. ఒక్కో కాగితం దీపం కిందకి పట్టుకుని చదివాడు. పన్నెండు మందివి నలభై నిమిషాల్లో అయిపోయాయి. పదమూడోది చదివి కళ్ళద్దాలు తీసేశాడు.

"రెండు సమస్యలున్నాయి" అన్నాడు. విదేశంలో పుట్టిన పిల్లాడి సర్టిఫికెట్ పుట్టిన ఏడాది లోపు నమోదైనదై ఉండాలి. ఇది నాలుగేళ్ళకి నమోదైంది. నేను వదిలేసిన లైను అదే. రెండోది నాకు నిజంగా చెమటలు పట్టించింది. సర్టిఫికెట్‌లో ఫిబ్రవరి 3. స్కూల్ ఫారంలో మార్చి 2. ఒకే పిల్లాడికి రెండు పుట్టిన తేదీలు.

ఏ తేదీ తీసుకున్నా వాడికి పన్నెండే. ఆయనకీ తెలుసు. "కానీ డొమినికన్ పిల్లాడు, రెండు తేదీలు, ఈ పొడుగు. రేపు అవతలి టీము వాళ్ళు ఫిర్యాదు చేస్తే ఇది విలియమ్స్‌పోర్ట్‌లో ఉన్న లిటిల్ లీగ్ హెడ్డాఫీసు కమిటీ దాకా వెళ్తుంది. అప్పుడు నీ టీము మొత్తం పోతుంది" అన్నాడు. తర్వాత, ఆయన ఎత్తకపోతే బాగుండునని నేననుకుంటున్న పేరు రానే వచ్చింది. డానీ అల్మొంటే.

తెలియనివాళ్ళ కోసం: 2001 ఆగస్టులో బ్రాంక్స్ టీముకి ఆడుతూ ఆ పిల్లాడు లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌లో పర్ఫెక్ట్ గేమ్ వేశాడు, అంటే అవతలి టీములో ఒక్కరినీ బేస్ మీదకి చేరనివ్వలేదు. ఫ్లోరిడా టీములో పద్దెనిమిది మంది బ్యాటింగ్‌కి వస్తే పదహారు మందిని స్ట్రయికౌట్ చేశాడు.  అప్పటికే అనుమానంతో ప్రత్యర్థి టీముల వాళ్ళు ప్రైవేటు డిటెక్టివులని పెట్టారు. నెలాఖరుకల్లా మోకా అనే ఊరి రికార్డుల్లో అసలు సంగతి బయటపడింది. పుట్టింది 1989 కాదు, 1987. పద్నాలుగేళ్ళు. టీము గెలుపులన్నీ రద్దు చేశారు. విజిటర్ వీసా గడువు దాటిపోయిందనీ, పిల్లాడు బడికే వెళ్ళడం లేదనీ పేపర్ల నిండా వచ్చింది. తేదీ మార్చింది తండ్రి. ఇంగ్లీషు కూడా సరిగా రాని ఆ పిల్లాడి మొహమే నెలల తరబడి టీవీల్లో తిప్పారు. ఇరవై ఏళ్ళు దాటినా ఇప్పటికీ పొడుగ్గా ఉండే ప్రతి డొమినికన్ పిల్లాడి మీదా ఆ పేరే విసురుతారు. మా క్యాచర్ వీడి కన్నా అంగుళం ఎత్తు, ఒహాయో నుంచి వచ్చిన కుటుంబం. వాడి వయసు ఎవరూ అడగలేదు.

మిగిలిన దారి ఒకటి చెప్పాడు. 'స్టేట్‌మెంట్ ఇన్ లూ ఆఫ్ యాక్సెప్టబుల్ ప్రూఫ్ ఆఫ్ బర్త్' అని ఉంటుంది, అంటే బర్త్ సర్టిఫికెట్ బదులు చెల్లే లెటర్. పుట్టిన ఏడాది లోపు తయారైన పాత కాగితాలు, అంటే ఆసుపత్రిది, చర్చిది, టీకాలది, ఎన్ని దొరికితే అన్ని పోగేసి, కనెక్టికట్‌లోని బ్రిస్టల్‌లో ఉన్న రీజియన్ ఆఫీసుకి ఆయన ద్వారా పంపాలి. వాళ్ళు ఒప్పుకుని లెటర్ ఇస్తే ఆడొచ్చు. మొదటి మ్యాచ్ జూన్ 28. మా లీగ్ పెద్ద ఒకాయన మాత్రం "అంత గోల దేనికి, వాణ్ణి తీసేసి ఇంకొకణ్ణి వేసుకోండి" అని రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ పెట్టాడు.

ఆ రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర నాన్న ఉన్నారు. ఏప్రిల్‌లో వచ్చారు, ఆరు నెలల స్టాంపు మీద. మండల పరిషత్ స్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. నేను ఫైలు విసురుగా పెట్టేసరికి కళ్ళజోడు పెట్టుకుని ఆక్తా తీసుకున్నారు. స్పానిష్ ఒక్క ముక్క రాదు. అయినా పావుగంట చూశారు.

"ఈ తేదీ నిజమేనమ్మాయ్" అన్నారు.

"మీకెలా తెలుసు నాన్నా?"

"అబద్ధం వేసేవాడు ఫిబ్రవరి మూడు ఎందుకు వేస్తాడు? జూన్ ఒకటో, జూలై ఒకటో వేస్తాడు. నేనెంతమందికి వేశానో నాకు తెలీదా?"

తర్వాత గంటసేపు ఆపలేదు. బళ్ళో వేసే రోజుల్లో తల్లిదండ్రులు వచ్చి 'తుఫాను ఏడు పుట్టాడు మాస్టారూ', 'మా ఎర్రావు ఈనిన వారం' అనేవాళ్ళట. ఈయన వేళ్ళు లెక్కపెట్టి ఐదేళ్ళు నిండేలా ఒక తేదీ వేసేవారట. కొందరు తెలివైన తండ్రులు 'ఒక రెండేళ్ళు తగ్గించి వేయండి, రేపు సర్కారు ఉద్యోగానికి ఏజ్ బార్ అవకూడదు' అని బతిమాలేవాళ్ళట. వేశారా అనడిగితే నవ్వారే గానీ జవాబు చెప్పలేదు. ఆయనదే జూలై 1. ఆయన్ని బళ్ళో వేసిన మాస్టారి చలవ. నాన్నమ్మ లెక్క ప్రకారం ఆయన పుట్టింది కార్తీక మాసంలో. ఆ జూలై 1 పెన్షన్ కాగితాల్లో ఉంది, పాస్‌పోర్టులో ఉంది, అమెరికా వీసా మీద ఉంది. ఎవరూ ఎప్పుడూ ఒక ప్రశ్న వేయలేదు. నిజం తేదీ ఉన్న ఈ పిల్లాడికి మాత్రం నిద్ర లేదు.

పెద్ద లీగ్‌లో అబద్ధాలు లేవని నేననడం లేదు. మా టీము నాన్నల్లో ఒకాయన ఆ వారమంతా అదే పాఠం చెప్పాడు. మిగెల్ తెహాదా 2008లో తనకి రెండేళ్ళు ఎక్కువని ఒప్పుకున్నాడు. ఫౌస్తో కార్మోనా పేరుతో క్లీవ్‌లాండ్‌కి ఆడినతను 2012 జనవరిలో వీసా కోసం సాంతో దొమింగో కాన్సులేట్‌కి వెళ్ళి బయటకొస్తుంటే అరెస్టయ్యాడు. అసలు పేరు రొబెర్తో ఎర్నాందెస్, వయసు మూడేళ్ళు ఎక్కువ. అవన్నీ నిజాలే. మా పిచ్చర్ వాళ్ళమ్మని ఒకసారి మెల్లగా అడిగితే, "అక్కడ పెద్ద టీములవాళ్ళు పదహారేళ్ళవాణ్ణి కొంటారు. అదే చేతికి పంతొమ్మిదేళ్ళంటే ఎవడూ చూడడు" అంది. మా నాన్న చెప్పిన ఏజ్ బార్ మాటే. కాకపోతే అక్కడ లక్షల డాలర్లు.

ఇక కాగితాల వేట. స్కూలు సంగతి ముందు తేలింది. 2021లో చేర్పించేటప్పుడు వాళ్ళమ్మ ఫారంలో 3/2/12 అని రాసింది. మనలాగే వాళ్ళూ రోజు ముందు, నెల తర్వాత రాస్తారు. ఆఫీసులో కంప్యూటర్‌కి ఎక్కించినావిడ అమెరికా పద్ధతిలో మార్చి 2 చేసేసింది. మూడేళ్ళు అదే నడిచింది. జూన్ 12 పొద్దున్నే ఆక్తా కాపీ పట్టుకుని వెళ్ళాం. బడి మూసేసే ముందు వారం, ఆఫీసులో జాతర. అయినా సెక్రటరీ రెండు రోజుల్లో సరిచేసి, ఏం జరిగిందో లెటర్ హెడ్ మీద రాసి ఇచ్చింది. మీ పిల్లల స్కూల్ పోర్టల్లో పుట్టిన తేదీ ఒకసారి చూసుకోండి. పన్నెండో తేదీ లోపు పుట్టిన మన పిల్లలకి కూడా ఇలా అయ్యే అవకాశముంది.

ఇంకో చిక్కు ఇంటిపేరు. వాళ్ళకి తండ్రిది, తల్లిది రెండు ఇంటిపేర్లుంటాయి. స్కూల్లో మొదటిదే ఎక్కింది, టీకా కార్డు మీద తల్లిది మాత్రమే ఉంది. వీసా మీద పేరు బదులు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడి బాధలు పడ్డ మనకి ఇది కొత్త కాదు గానీ, ముగ్గురు వేరే పిల్లలు కాదని రాయించడానికి ఇంకో కాగితం.

అసలు కాగితాలు సాన్ పేద్రోలో అమ్మమ్మ దగ్గరున్నాయి. జూన్ 15 శనివారం వాట్సాప్ వీడియో. మా వంటింట్లో నేను, వాళ్ళమ్మ, పిల్లాడు, వెనక కుర్చీలో నాన్న. అమ్మమ్మ వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది, పక్కనే ఫ్యాను, ఎవరిదో కోడి కూస్తోంది. ఆసుపత్రి ఇచ్చిన సజీవ జనన పత్రం ఉంది, ఒక మూల చెదలు తినేసింది. టీకాల కార్డు ఉంది. పసుపు రంగు అట్ట, మొదటి టీకా ముద్ర 2012 ఫిబ్రవరిది. ఒరిజినల్స్ పంపమంటే ఆవిడ ససేమిరా అంది. "దారిలో పోతే? ఈ పిల్లాడు పుట్టాడనడానికి నా దగ్గరున్నవి ఇవే" అంది. కూతురు బతిమాలింది, మనవడు బతిమాలాడు. చివరికి నాన్న ఫోను దగ్గరకొచ్చి తెలుగులోనే "అమ్మా, నేను మాస్టర్ని, నా చేత్తో తిరిగి పంపిస్తాను" అని నమస్కారం పెట్టారు. పిల్లాడు అనువదించాడు. ఆవిడ కాసేపు ఆయన్నే చూసి సరే అంది.

బాప్తిస్మం సర్టిఫికెట్ ఎవరికీ గుర్తు లేదు. ఆదివారం అమ్మమ్మ మోతోకోంచో, అంటే అద్దె మోటర్‌సైకిల్, ఎక్కి చర్చికి వెళ్ళింది. ప్రార్థన అయ్యాక పాత రిజిస్టరు తీయించింది. దొరికింది. 2012 ఆగస్టులో బాప్తిస్మం, పక్కనే పుట్టిన తేదీ ఫిబ్రవరి 3. ఏడాది లోపు, వేరేవాళ్ళ చేత్తో రాసిన తేదీ. నాకా ఫోటో చూడగానే ఏడుపొచ్చింది. మనకైతే ఇలాంటప్పుడు జాతకం చూపించాల్సి వచ్చేదేమో అన్నారు నాన్న.

కొరియర్ 18న బయల్దేరింది. 19 జూన్‌టీన్త్ సెలవు అని నాకు తట్టలేదు. 21 శుక్రవారం మధ్యాహ్నానికి చేతికొచ్చింది. కొరియర్‌కి 72 డాలర్లు. అనువాదం పేజీకి 25 చొప్పున మూడు పేజీలు. నోటరీ బ్యాంకులో ఫ్రీ. 22న అన్నీ స్కాన్ చేసి పంపాం.

25 మంగళవారం జవాబు వచ్చింది. బాగానే ఉన్నాయి, పాస్‌పోర్టు కాపీ కూడా జత చేయగలరా అని.

వాళ్ళమ్మకి మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు. రాత్రి దాకా రాలేదు. నాకు అర్థమైంది. వాళ్ళు ఏ వీసా మీద వచ్చారో, ఇప్పుడు ఏ స్టేటస్‌లో ఉన్నారో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఇప్పటికీ తెలీదు. కానీ పాస్‌పోర్టు అన్న మాట వినగానే ఇల్లంతా ఎలా నిశ్శబ్దమైపోతుందో నాకు తెలుసు. ఐ-797, అంటే ఇమిగ్రేషన్ వాళ్ళ ఆమోదం నోటీసు, కోసం పోస్టు డబ్బా దగ్గర నిలబడ్డవాళ్ళందరికీ తెలుసు.

బుధవారం పొద్దున ఆవిడ షిఫ్టు అయ్యే వేళకి వేర్‌హౌస్ పార్కింగ్‌లో కలిశాను. ఈ మాటలు పిల్లాడి చేత అనువాదం చేయించకూడదు అనుకున్నాను, అందుకే ఫోన్లో ట్రాన్స్‌లేటర్ పెట్టుకున్నాం. ఆవిడ అడిగింది ఒకటే: "ఇది ఎవరెవరు చూస్తారు?" రీజియన్ ఆఫీసు వాళ్ళు, మా అడ్మినిస్ట్రేటరు అన్నాను. ఇంకెవరికీ వెళ్ళదని రాసివ్వగలవా అంది. ఇవ్వలేనని చెప్పాను. ఇష్టం లేకపోతే వద్దనమని కూడా చెప్పాను. వాడు ఈసారి ఆడకపోతే కొంప మునగదు. నేనా మాట అన్నానే గానీ, వాడు ఆడాలని నాకెంత ఉందో దాచుకోలేకపోయాను, అదీ నిజమే.

ఆవిడ కారులో పది నిమిషాలు కూర్చుంది. తర్వాత బ్యాగులోంచి పాస్‌పోర్టు తీసింది. అంటే తెచ్చుకునే వచ్చింది. నా చేతికివ్వలేదు. ఫోటో ఉన్న పేజీ ఒక్కటి స్టీరింగ్ మీద పెట్టి, మిగతా పేజీలన్నీ అరచేత్తో గట్టిగా నొక్కిపెట్టి, తన ఫోన్‌తో తనే ఫోటో తీసింది. బొటనవేలు పుట్టిన తేదీ మీద పడింది. మళ్ళీ తీసింది. ఈసారి చెయ్యి వణికి మసకగా వచ్చింది. మూడోది బాగా వచ్చింది.

27 అంతా ఏమీ రాలేదు. 28 శుక్రవారం సాయంత్రం ఆరింటికి మ్యాచ్. మధ్యాహ్నం 2:40కి ఆఫీసు మీటింగులో ఉండగా ఈమెయిల్ వచ్చింది. ఒక పేజీ లెటర్, ఆమోదం. కెమెరా ఆఫ్ చేసుకుని లైబ్రరీకి పరిగెత్తి రంగుల్లో ప్రింటు తీసుకున్నాను. అవసరం లేదు, అయినా రంగుల్లోనే తీశాను.

వాడి మొదటి బంతే బ్యాటర్ వీపుకి తగిలింది. అవతలి స్టాండ్స్‌లోంచి ఎవరో "వీడు ఇక్కడికి కారు నడుపుకుంటూ వచ్చాడా?" అని అరిచారు, కొందరు నవ్వారు. వాళ్ళమ్మకి ఇంగ్లీషు తక్కువే గానీ ఆ నవ్వు అర్థమైంది. టోపీ కిందకి లాక్కుంది. నాన్న నా పక్కనే మడత కుర్చీలో లెటర్ ఉన్న ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు. వాడు 71 బంతులు వేశాడు, హద్దు 85. గెలిచాం. 66 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి కాబట్టి, నాన్న కాగితాల పుట్టినరోజు జూలై 1న జరిగిన రెండో మ్యాచ్‌లో వాడు పిచింగ్ చేయలేదు, ఓడిపోయాం. 3న ఇంకోటి ఓడి ఇంటికొచ్చేశాం. ఇంత గోలకీ మూడు మ్యాచ్‌లు.

ఖర్చు మొత్తం 205 డాలర్లు తేలింది, తిరుగు కొరియర్ 58తో కలిపి. సగం ఇస్తానని వాళ్ళమ్మ పట్టుబట్టి 102 డాలర్ల 50 సెంట్లు లెక్కపెట్టి ఇచ్చింది. జూలై 11న నాన్న స్వయంగా టీకాల కార్డు, ఆసుపత్రి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అమ్మమ్మ అడ్రసు ఒక్కో అక్షరం చూసి రాసి, కౌంటరులో ఇచ్చారు. పిల్లలిద్దరూ మాతో వచ్చారు. దారిలో మావాడు అడిగాడు, "ఒరేయ్, మూడేళ్ళు స్కూల్లో మార్చి 2 అని ఉంటే నీకు తెలీదా?" అని.

తెలుసన్నాడు. వాడు నన్ను ఆంటీ అనడం మా పిల్లల దగ్గరే నేర్చుకున్నాడు. "ఆంటీ, మొదటి ఏడాది నాకు ఇంగ్లీషు రాదు కదా. మార్చి 2న ప్రిన్సిపల్ మైకులో నా పేరు చదివింది. అందరూ నిలబడి పాట పాడారు, పెన్సిలు ఇచ్చారు, కప్‌కేకు ఇచ్చారు. ఈ రోజు కాదని ఎలా చెప్పాలో తెలీలేదు" అన్నాడు.

"మరి తర్వాత రెండేళ్ళు?"

కిటికీలోంచి బయటికి చూశాడు. "తర్వాత ఇంగ్లీషు వచ్చింది. కానీ కప్‌కేకు బాగుండేది."